చప్పట్లకు పలికే కొంగపిల్ల

కాపెంబ్వా చప్పట్లు కొట్టాడు. బదులు రాలేదు.

మళ్ళీ కొట్టాడు. అరచేతులు రెండూ బోలుగా పట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, మూడు నిదానంగా, రెండు గబగబా. ఎదుటి మనిషి దోనె నెట్టే గెడ ఆపి అలాగే తిరిగి కొడితే పలకరింపు అయినట్టు. నోటి మాటలన్నీ ఆ తర్వాతే. ఈ బాంగ్వేలు చిత్తడిలో, పగవాడైనా చప్పట్లకి బదులివ్వకుండా దాటిపోడు.

కాలవలో దోనె ఆగలేదు. దాంట్లో నిలబడ్డ లుకొండే తల కూడా తిప్పలేదు. దోనె నిండా ఖాళీ మావులు, చేపలు పట్టే అల్లిక బుట్టలు. గెడ పొడిచి, లాగి, మళ్ళీ పొడిచి, తుంగ మలుపులో కనిపించకుండా పోయాడు.

లుకొండే పరాయివాడు కాదు. కాపెంబ్వా భార్యకి అన్న. ఆవిడ పోయి మూడేళ్ళయినా ఇద్దరూ మొన్నటిదాకా ఒకే వల లాగారు. ఇక్కడి తుంగలో ఒక కొంగ గూడు పెట్టింది. ఆ గూడు చుట్టూ కేకేస్తే వినిపించేంత దూరం ఎవరూ వల వేయకూడదని అడవిశాఖ ఆఫీసు హద్దు గీసింది. ఆ హద్దు కాసే పనికి కాపెంబ్వా ఒప్పుకున్నాడు. వరద తీసేటప్పుడు చేపంతా దిగేది సరిగ్గా ఈ కాలవలోంచే. చేపలు పట్టేవాళ్ళ శిబిరం మొత్తం ఒక్కమాట మీద నిలబడింది. తిట్టలేదు, కొట్టలేదు. బదులివ్వడం మానేసింది. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు.

అతను చేతులు లుంగీకి తుడుచుకుని దుర్భిణీ అందుకున్నాడు.

అతని గుడిసె ఉన్నది తేలే దిబ్బ మీద. అడుగేస్తే నేల పరుపులా దిగబడి మళ్ళీ పైకి లేస్తుంది. అరవై అడుగుల అవతల, తుంగ మధ్య మరో దిబ్బ. దాని మీద గూడు. గూట్లో బూటుముక్కు కొంగ పిల్లలు రెండు. పెద్దది చిన్నదానికంటే అయిదు రోజుల ముందు పుట్టింది. ఆ అయిదు రోజుల పెద్దరికంతోనే చిన్నదాన్ని చంపుతోంది.

ఇది కొత్త సంగతి కాదు. ఈ కొంగ రెండు గుడ్లు పెడుతుంది, ఒకదాన్నే పెంచుతుంది. రెండోది, మొదటిది చెడిపోతే పనికొస్తుందని. నీళ్ళ మీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు. కాపెంబ్వాకీ తెలుసు. కాకపోతే పనిగట్టుకుని కూర్చుని చూడటం ఇదే మొదటిసారి.

మధ్యాహ్నానికి ఎండ తుంగ మీద నిప్పులా నిలిచింది. తల్లికొంగ వచ్చి వాలింది. మనిషి భుజం దాకా వచ్చే ఎత్తు, బూడిద రంగు, చెక్కలో తొలిచిన బూటు లాంటి ముక్కు. ఆ ముక్కు నిండా నీళ్ళు తెచ్చి పెద్దదాని వీపు మీద ధారగా పోసింది. చిన్నది ఆ ధార కిందికి మెడ చాచింది. పెద్దది ఆ మెడ పట్టుకుని మెలిపెట్టింది. తల్లి చూస్తూ నిలబడింది. కదల్లేదు. నీళ్ళయిపోయాక ఎగిరిపోయింది.

కాసేపటికి చిన్నది గూటి అంచు మీంచి జారి తుంగ మొదళ్ళలో పడింది. ఒక రెక్క పరుచుకుని ఉంది. తల మీద చర్మం లేచి నెత్తురు.

పొద్దున నోటుపుస్తకంలో 'పిల్లలు 2' అని రాశాడు. ఇప్పుడు 'పిల్లలు 1' అని రాయాలి. రాశాడు. ఆఫీసు పెట్టిన నియమం ఒక్కటే: గూడు ముట్టకూడదు, గూట్లోంచి పడింది అసలే ముట్టకూడదు. పెన్ను మూతపెట్టి, పుస్తకం పొడిగా ఉండేలా చూరులో దోపాడు.

తర్వాత నీళ్ళలోకి దిగాడు.

*

మొదటి రెండు రోజులూ అది బతుకుతుందనుకోలేదు.

గుడిసె వెనకాల తుంగచాప నిలబెట్టి నీడ చేశాడు. అరగంటకోసారి టిన్నుడబ్బాతో దాని వీపు మీద నీళ్ళు పోశాడు, తల్లి పోసినట్టే, ఎత్తు నుంచి, సన్నగా. జెల్లపిల్లల్ని పట్టి, ముల్లు తీసి, వేలంత ముక్కలు కోసి నోటికందించాడు. మొదట మింగలేదు. తల్లి ఎలా పెడుతుందో గుర్తు తెచ్చుకుని, ముక్కని నేల మీద పడేసి వేలితో కదిలించాడు. అప్పుడు తీసుకుంది. సగం కక్కేసి, కక్కింది మళ్ళీ తిన్నది. అతను పక్కనే కూర్చుని కర్రపెండలం సంకటి ఎండుచేపతో నంజుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి తినడం ముగించారు.

చాప పక్కకి జరిపి లోపలికి వెళ్ళేముందు ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు. అనుకుని చేసింది కాదు. ఒకరి ముంగిట్లోకి చప్పుడు చెయ్యకుండా చొరబడితే చిన్నప్పుడు వాళ్ళమ్మ మెడ వెనక చరిచేది. మూడు నిదానంగా, రెండు గబగబా. లోపలికి వెళ్ళడం. నీళ్ళు. చేప.

నాలుగో రోజు పొద్దున చప్పట్లు కొట్టి చాప మీద చెయ్యి వేశాడు. లోపల్నుంచి చప్పుడొచ్చింది.

ఎండు తుంగకాడలు ఒకదానికొకటి తగిలినట్టు. టకటకటక.

అతను ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టకటకటక. చాప తీసి చూస్తే పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, తల కిందికి వంచి, ఆ పెద్ద ముక్కు రెండు చిప్పలూ ఆడిస్తోంది.

"దయచెయ్యమంటావా?" అన్నాడు కాపెంబ్వా.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆ రోజు అవసరం లేకపోయినా మరో అయిదారుసార్లు బయటికెళ్ళి, చప్పట్లు కొట్టి, లోపలికొచ్చాడు.

*

ఆరో రోజు మోటారు పడవ చప్పుడు వినబడింది. మేడమ్ జెరె. ఇక్కడి పదకొండు గూళ్ళకీ ఆవిడే అధికారి. తూర్పు జిల్లా ఎన్‌గోనీ తెగ మనిషి. కాపెంబ్వా బెంబా. ఎన్‌గోనీలకీ బెంబాలకీ తాతల నాటి యుద్ధం మిగిల్చిన వేళాకోళపు వరస. ఒకరినొకరు ఎంత మాటన్నా తప్పులేదు, చావింట్లో కూడా.

పడవ దిబ్బకి ఆనింది. ఆవిడ చేతులు బోలుగా పట్టింది. ఆ చప్పట్లు పడితే చాప వెనక నుంచి బదులొస్తుంది. ఆవిడ కొట్టేలోపే కాపెంబ్వా గబగబా నీళ్ళలోకి దిగి పడవ తాడు ఆవిడ చేతుల్లోంచే లాక్కున్నాడు.

"ఏంటి బాబాయ్, పలకరింపు కూడా లేదు? కోతులు తినేవాళ్ళకి మర్యాద తక్కువని మా నాన్న చెప్తే నమ్మలేదు."

"తాడు జారుతుంటే మర్యాదేంటి మేడమ్. ఎలుకలు తినేవాళ్ళని నీళ్ళలో పడనిస్తే ఊరుకుంటారా?"

ఆవిడ నవ్వి దుర్భిణీ ఎత్తింది. చాలాసేపు చూసింది. గుడిసె వెనకాల చాప చాటున పిల్ల కదిలిన చప్పుడు కాపెంబ్వాకి స్పష్టంగా వినిపించింది. గట్టిగా దగ్గాడు.

"ఒకటి. చిన్నది ఎప్పుడు పోయింది?"

"ఆరు రోజులైంది."

"శవం?"

"మొసలి." అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

ఆవిడ పుస్తకంలో రాసుకుంది. గొంతు తగ్గించింది. "పై కాలవ గూట్లో పిల్లని ఎత్తుకుపోయారు. దూరదేశాల్లో కొంగల్ని పెంచుకునే పెద్దమనుషులుంటారు. ఒక్క పిల్లకి ఇల్లు కట్టుకునేంత డబ్బు. కాపలావాడు జైల్లో ఉన్నాడు. వాడు తీశాడో లేదో నాకు తెలీదు బాబాయ్, కానీ గూడు ఖాళీ అయితే మొదట అడిగేది కాపలావాడినే. నీ గూట్లో ఒకటుంది. ఆ ఒక్కటీ ఎగిరేదాకా ఉండాలి."

చెప్పేయాలంటే అప్పుడే చెప్పాలి. కాపెంబ్వా నోరు తెరిచాడు కూడా.

"మనిషికి అలవాటైన పిట్టని ఏం చేస్తారు మేడమ్?" అన్నాడు.

"పట్నంలో బోను. బతికినన్నాళ్ళూ. మనిషిని చూసి పారిపోని కొంగ ఇక్కడ వారం నిలవదు." ఆవిడ పడవెక్కింది. "ఎందుకడిగావ్?"

"ఊరికే."

*

ఎనిమిదో రోజు బుధవారం. సంపా వచ్చాడు.

సంపా ఎండుచేపల వర్తకుడు. వారానికోసారి సబ్బు, ఉప్పు, అగ్గిపెట్టెలు తెచ్చి చేపకి మారుస్తాడు. శిబిరం మాట అతనికి పట్టదు కాబట్టి కాపెంబ్వాతో మాట్లాడతాడు. అతనొస్తే కాపెంబ్వాకి పండగే. ఆ రోజు అతని దోనె అలికిడి వినబడలేదు. కాపెంబ్వా గట్టున కూర్చుని జెల్లపిల్ల ముల్లు తీస్తున్నాడు.

కాలవలోంచి చప్పట్లు. మూడు నిదానంగా, రెండు గబగబా.

గుడిసె వెనకాల నుంచి బదులొచ్చింది. టకటకటక.

సంపా గెడ ఆపాడు. గుడిసె వైపు చూశాడు. కాపెంబ్వా చేతిలోని చేపముక్కని చూశాడు. మళ్ళీ చప్పట్లు కొట్టాడు, ఈసారి మెల్లగా. మళ్ళీ బదులొచ్చింది.

"నీ గుడిసెకి నీకంటే మర్యాద తెలుసన్నా," అన్నాడు.

దోనె దిగి తిన్నగా వెనక్కి నడిచాడు. చాప జరిపాడు. పిల్ల తల వంచి అతనికి కూడా ముక్కు ఆడించింది. తర్వాత లేచి, ఇంకా సరిగ్గా నిలవని కాళ్ళతో రెండడుగులు అతని వైపే వేసింది.

కాపెంబ్వాకి అప్పుడు అర్థమైంది. దానికి తెలిసింది తను కాదు. చప్పట్లు. చప్పట్లు కొట్టే చేతులు ఎవరివైనా ఒకటే.

సంపా ఉప్పు మూట కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. "ఆఫీసు పుస్తకంలో గూట్లో ఎన్నున్నాయని ఉంది?"

"ఒకటి."

"మరి ఇది చచ్చిపోయిందనే కదా రాసుకున్నారు. చచ్చినదాన్ని తీసుకెళ్తే దొంగతనం ఎలా అవుతుందన్నా? గూడు గూడులాగే ఉంటుంది. నీకు కొత్త వల, కొత్త దోనె. కావాలంటే ఈ నీళ్ళే వదిలేసి పొడినేల మీద ఇల్లు. నీతో మాట్లాడని వాళ్ళ మధ్య ఇంకా ఎన్నాళ్ళుంటావు?"

"అది అమ్మకానికి లేదు."

"ఎగిరే వయసొచ్చాక ఏం చేస్తావు? వదిలేస్తావు. అది తిన్నగా శిబిరానికే వెళ్తుంది, ఎవడు చప్పట్లు కొడితే వాడి ముందు నిలబడుతుంది. వాడు మెడ విరిచి కూర వండుకుంటాడు. నేనైతే దాన్ని బతికిస్తాను కదా." సంపా గొంతులో కోపం లేదు. "శనివారం పొద్దున ఇటే వస్తాను. అప్పటికి ఆలోచించుకో. ఉప్పు ఉంచుకో, వెల అడగను."

ఉప్పు మూట తీసి కాపెంబ్వా అతని దోనెలో పెట్టాడు. సంపా నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఎవడు చప్పట్లు కొట్టినా అది పోతుందన్న మాట నిజం. కొంగపిల్లకి కొంగలెవరూ నేర్పని మర్యాద ఒకటి తనే నేర్పాడు.

*

ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు.

చప్పట్లు కొట్టాడు. పిల్ల బదులిచ్చింది. తెడ్డు తిరగేసి దాని పక్కనున్న నీళ్ళ మీద పిడుగు పడ్డట్టు కొట్టాడు. బురద ఎగిరి దాని కళ్ళలో పడింది. పిల్ల వెనక్కి పడి, లేచి, అతన్ని చూసింది. పొరపాటు జరిగిందనుకున్నట్టు మళ్ళీ తల వంచి ముక్కు ఆడించింది.

మళ్ళీ తెడ్డు ఎత్తాడు.

గురువారం పదకొండు సార్లు చప్పట్లు కొట్టాడు. పదకొండు సార్లూ అది పలికింది, పదకొండు సార్లూ తెడ్డు పడింది. చేప మాత్రం చేత్తో పెట్టడం మానేశాడు. చాప వెనక దాక్కుని, పొడుగు తుంగకాడకి గుచ్చి, ముక్కని దాని ముందు దించేవాడు. నీళ్ళు కూడా చాప పైనుంచే పోసేవాడు. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో దానికి తెలియకూడదు.

శుక్రవారం పొద్దున ఏడు సార్లలో నాలుగు సార్లే పలికింది. మధ్యాహ్నం ఒక్కసారి. ఆ తర్వాత చప్పుడు వినగానే మూలకి నక్కి నేలకి కరుచుకుపోవడం మొదలుపెట్టింది. వణికింది. అది మింగిన చేపంతా కక్కేసింది.

పొద్దు వాలుతుండగా అతను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చాప కింది సందులోంచి పిల్ల బయటికొచ్చింది. అతనికి రెండు మూరల దూరంలో నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దానంతట అదే తల వంచి, మెల్లగా, టకటకటక.

కాపెంబ్వా చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

అది కాసేపు ఆగింది. ఇంకోసారి ఆడించింది. అతను కాలవ వైపు చూస్తూ ఉండిపోయాడు. తల తిప్పలేదు. లుకొండే తల తిప్పనట్టే. చివరికి అది వెనక్కి నడిచి చాప చాటుకి వెళ్ళిపోయింది.

*

శనివారం తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. కాపెంబ్వా పిల్లని మావులో కూర్చోబెట్టి, పైన తడి గోనె కప్పి, దోనెలో ఉత్తరపు తుంగలోకి వెళ్ళాడు. సంపా వస్తాడు, చప్పట్లు కొడతాడు, బదులు రాదు, పోతాడు. అంతే కదా అనుకున్నాడు.

ఎండ మొహాన కొట్టేసరికి తిరిగొచ్చాడు. గుడిసె ముందు బురదలో కాలిముద్రలు. గుడిసె వెనక చాప కింద పడి ఉంది. ముద్రలు అక్కణ్ణుంచి నీళ్ళలోకి దిగాయి. దుర్భిణీ ఎత్తాడు.

గూడు ఖాళీగా ఉంది.

ఒక పిల్ల కోసం కాపలా వదిలేసి, కాయమన్న పిల్లని పోగొట్టుకున్నాడు.

తల్లికొంగ వచ్చి వాలింది. ముక్కు నిండా నీళ్ళు. పిల్ల ఉండే చోట వంగి ధారగా పోసింది. నీళ్ళు గడ్డిలో ఇంకిపోయాయి. ముక్కు మూసి గడ్డి వైపు చూసింది. మళ్ళీ ఎగిరి, మళ్ళీ నీళ్ళు తెచ్చి, అదే చోట పోసింది.

మూడోసారి అది ఎగరగానే కాపెంబ్వా దోనె నెట్టాడు. పిల్లని రెండు చేతులా ఎత్తి, ఆ తడిచోట దించి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. గుడిసె నీడలో బోర్లా పడుకుని దుర్భిణీ కళ్ళకానించాడు.

తల్లి వచ్చింది. పిల్లని చూసి రాయిలా నిలబడిపోయింది. ఒక్క పోటు పొడిస్తే పిల్ల రెండు ముక్కలవుతుంది. పిల్ల మెడ చాచలేదు. నేలకి కరుచుకుంది. తల్లి తల ఒక పక్కకి వంచి చూసింది, ఇంకో పక్కకి వంచి చూసింది. ముక్కు దాని మీదికి తెచ్చింది.

తెరిచింది. నీళ్ళు.

*

మధ్యాహ్నానికి మేడమ్ జెరె పడవ వచ్చింది. ఈసారి ఆవిడ కూడా చప్పట్లు కొట్టలేదు. పడవలో గోనెసంచి ఉంది. మూతి విప్పి చూపించింది. పెద్దపిల్ల. ఒంట్లో ప్రాణం లేదు.

"ఎండలో, సంచిలో, నీళ్ళు పోసేవాళ్ళు లేక," అంది. "సంపాని మీ బావ లుకొండే పట్టుకున్నాడు. కాలవ ఇరుకులో దోనె అడ్డం పెట్టి, మావులన్నీ పేర్చి నిలబడ్డాడు. సంచి కదులుతోందని అనుమానం. కుర్రాణ్ణి పరిగెత్తించి నాకు ఫోన్ చేయించాడు. 'మా మీద కోపం కదా, నీకెందుకొచ్చిందయ్యా' అన్నాను. 'కాలవ ఎలాగూ మూసేశారు. మూసినందుకు ఆ పిట్టైనా బతకాలి కదా' అన్నాడు." ఆవిడ గొంతు గట్టిపడింది. "నువ్వెక్కడున్నావు బాబాయ్?"

కాపెంబ్వా దుర్భిణీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చూసింది. దించింది. మళ్ళీ చూసింది.

అతను మొత్తం చెప్పాడు. తుంగ మొదళ్ళ దగ్గర్నుంచి తెడ్డు దాకా. మొసలి అబద్ధం కూడా. ఆవిడ ఒక్క ప్రశ్న వేయలేదు. చివర్లో మాత్రం, "ఎన్ని రోజులు చేత్తో పెట్టావు?" అంది.

"ఎనిమిది."

"అయితే అది బోనుకే."

"పలకదు మేడమ్."

"నువ్వనుకుంటే సరిపోతుందా?"

ఆవిడ దిబ్బ అంచుకి నడిచి గూటి వైపు తిరిగింది. చేతులు బోలుగా పట్టి కొట్టింది. మూడు నిదానంగా, రెండు గబగబా. చప్పుడు నీళ్ళ మీద సాగి తుంగకి తగిలింది. గూట్లో బూడిద రంగు ముద్ద చటుక్కున గడ్డిలోకి అణిగిపోయింది. చప్పుడు లేదు.

"నేను కొత్తమనిషిని," అంది ఆవిడ. "నువ్వు కొట్టు."

కాపెంబ్వా చేతులు ఎత్తాడు. ఒకసారి తుడుచుకుని, మోకాళ్ళు వంచి, కొట్టాడు.

గడ్డిలోంచి తల లేచింది. ఆ చేతుల్ని అది గుర్తుపట్టింది. మెడ సాగింది. ముక్కు చిప్పలు రెండూ కొంచెం విడివడ్డాయి. ముక్కు అలాగే తెరుచుకుని ఉంది, ఉంది, ఉంది. తర్వాత మూసుకుంది. తల గడ్డిలోకి దిగిపోయింది.

మేడమ్ జెరె దుర్భిణీ కాపెంబ్వాకి తిరిగిచ్చింది.

ఆవిడ పుస్తకం తెరిచి, పాత పేజీ తిప్పి, ఏదో కొట్టేసి, ఏదో రాసింది. "గూట్లో ఒకటి ఉండాలన్నాను. ఒకటుంది. మిగతాది పై వాళ్ళకి నేను చెప్పుకుంటాను. నీ ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. అది ఎగిరేదాకా మాత్రం నువ్వే ఉండు, ఈ బురదలో కూర్చోడానికి ఇంకెవడొస్తాడు." పడవెక్కి తాడు విప్పుకుంటూ ఆగింది. "ఇంకోటి. ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వు చప్పట్లు కొట్టకు. ఎవరొచ్చినా సరే. ఇవాళ అది పలకబోయి ఆగింది. రేపు ఆగకపోవచ్చు."

"సరే మేడమ్."

"కోతులు తినేవాడివి. కొంగకి అమ్మవయ్యావు చూడు," అంది. ఎప్పటిలా నవ్వలేదు గానీ, అంది.

మోటారు చప్పుడు దూరమైంది. పొద్దు తుంగ చివర్ల మీదికి దిగింది. కాపెంబ్వా పొయ్యి రాజేసి సంకటికి ఎసరు పెట్టాడు.

కాలవ మలుపులో దోనె కనబడింది. లుకొండే. దోనెలో మావులు ఇవాళ కూడా ఖాళీయే. దిబ్బకి ఎదురుగా రాగానే గెడ బురదలో గుచ్చి దోనె ఆపాడు. ఇటు తిరిగాడు. చేతులు బోలుగా పట్టి, మోకాళ్ళు వంచి, మూడు నిదానంగా, రెండు గబగబా కొట్టాడు.

కాపెంబ్వా లేచి నిలబడ్డాడు. చేతులు ఛాతీ దాకా వచ్చాయి. కళ్ళు గూటి వైపు వెళ్ళాయి. గడ్డి అంచు మీంచి సన్నగా ఒక మెడ, ఇటే, వింటూ.

రెండు అరచేతులూ చప్పుడు కాకుండా ఒకదానికొకటి ఆనించి, నడుము దాకా వంగాడు. కేకేసి చెబుదామంటే ఆ కేక కూడా గూటికి వినబడుతుంది.

లుకొండే ఆగాడు. ఇంకోసారి కొట్టాడు.

కాపెంబ్వా వంగిన వాడు లేవలేదు. వేళ్ళు తెల్లబడేదాకా అరచేతులు నొక్కిపట్టుకున్నాడు. బురదలోంచి గెడ ఊడిన చప్పుడు వినిపించింది, దోనె కింద నీళ్ళు కదిలిన చప్పుడు, అది మలుపు తిరిగిన చప్పుడు.

అతను నడుము ఎత్తేసరికి కాలవ ఖాళీగా ఉంది. గూటి మీద తల్లి వాలింది. నీళ్ళు పోస్తున్న ధార అరవై అడుగుల దూరం నుంచి కూడా వినబడింది.